డిగ్రీ చదువుతూ పరిశోధనానుభవము సంపాదించు విధము

ఉద్దేశము: బయోడేటాలో 'పరిశోధనానుభవం' అన్న గడి నింపుట. పరిశోధన చేయుట వేరే ప్రయోగము. అది మన సిలబస్‌లో లేదు.

కావలసిన పరికరములు: సెల్‌ఫోను, ఏలూరులో తెలిసిన జిరాక్స్ షాపు, సీనియర్ ప్రాజెక్టు రిపోర్టు సాఫ్ట్ కాపీ, రెండు రంగుల పెన్నులు.

ప్రయోగ విధానము:

1. ముందు ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టండి. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, తాడేపల్లిగూడెంలో 2015 నుంచీ నిట్ ఉన్నాయి. బస్సెక్కితే వచ్చేస్తాయి కనుక వాటిని లెక్కలోకి తీసుకోకండి. బెంగళూరుకో జర్మనీకో రాయండి. అందరికీ ఒకటే మెయిల్, కొల్లేటి చాంతాడంత. మేడమ్‌కి కూడా 'డియర్ సర్' అనే ఉండాలి. వాళ్ల పేపర్లు మాత్రం చదవకండి. చదివితే ప్రశ్నలు పుడతాయి.

2. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి ఫెలోషిప్పులిస్తాయి. రెండు నెలలు శాస్త్రవేత్త దగ్గర పని, పైగా స్టైపెండు. దరఖాస్తులు వేసవికి చాలా నెలల ముందే తీసుకుంటారు. మీరు ఏప్రిల్లో పరీక్షలయ్యాక తీరిగ్గా వాకబు చేయండి.

3. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వస్తుంది, 180 గంటలు. ఏ లంక గ్రామానికో పోయి, తాగునీళ్లు బయటి నుంచి తెచ్చుకుంటున్నారా అని ఇంటింటా అడగాలి. ఎండ. కాబట్టి ఫారాలు హాస్టల్లోనే నింపండి. పెన్ను మార్చండి, చేతిరాత మార్చండి. అందరూ 'అవును' అంటే సార్‌కి అనుమానమొస్తుంది. పదిమంది చేత 'కాదు' అనిపించండి.

జాగ్రత్తలు: కొల్లేరు వైపు పోరాదు. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ చిత్తడి నేల. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు. అభయారణ్యం హద్దు ఐదో కాంటూరా, మూడో కాంటూరా అన్న తగువు ఇంకా తెగలేదు. ఆటపాకలో గూడబాతుల గూళ్లు లెక్కపెట్టాలనిపిస్తుంది. ఉప్పుటేరులో పోటుకి ఉప్పునీరు ఎందాకా ఎగదన్నుతుందో చూడాలనిపిస్తుంది. ఆ ఊబిలో దిగారా, వారం వారం ఒకేచోట సీసాతో నీళ్లు పడతారు. కాలేజీ ల్యాబులో సిల్వర్ నైట్రేట్‌తో క్లోరైడ్ ఎంతో తేలుస్తారు. ఏడాది తిరిగేసరికి ఏ సీనియర్ రిపోర్టులోనూ దొరకని అంకెలు యాభై పైగా పోగవుతాయి. ఆ నోటుబుక్కుతో నిట్‌కి వెళితే, బయట నిలబెట్టకుండా, లోపలికి పిలిచి ప్రశ్నలు వేసే ప్రమాదముంది.

2020 డిసెంబరులో ఏలూరు జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోతుంటే, ఢిల్లీ నుంచీ హైదరాబాదు నుంచీ శాస్త్రవేత్తలొచ్చి నీళ్లూ రక్తమూ నమూనాలు పట్టుకెళ్లారు. అంతకుముందు నెల ఆ నీళ్లెలా ఉన్నాయో వారం వారం రాసుకున్న కుర్రాడి నోటుబుక్కు ఒకటి దొరికి ఉంటే, అది వాళ్లకి ఎంత పనికొచ్చేదో!

ఫలితము: పై విధానము తు.చ. తప్పక పాటించినచో సర్టిఫికెట్టు వచ్చును. జాగ్రత్తలు పాటించనివారికి పరిశోధన వచ్చును. ఏది కావాలో ఫైనలియర్ రాకముందే తేల్చుకొనవలెను.