కండక్టరు టికెట్టు కొట్టే మెట్రో

ఆంధ్రప్రదేశ్‌లో మెట్రో లేదనేవాళ్లు ఒకసారి విశాఖపట్నం వెళ్లి బస్టాపులో కాసేపు నిలబడాలి. నుదుటి మీద 'మెట్రో ఎక్స్‌ప్రెస్' అని రాసుకున్న ఆర్టీసీ బస్సు వచ్చి ఆగుతుంది, కండక్టరు టికెట్టు కొడతాడు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఆడవాళ్లకు ఆ టికెట్టు ఉచితం కూడా. రాష్ట్రంలో కదిలే మెట్రో ఇదే. రెండోది ఒకటుంది గానీ, అది చక్రాల మీద నడవదు, డీపీఆర్‌లనే ప్రాజెక్టు నివేదికల మీద నడుస్తుంది. విశాఖకూ, విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతానికీ మెట్రో కుదురుతుందో లేదో ఏడాదిలోగా పరిశీలించాలని 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో రాశారు. ఆ 'పరిశీలించాలి' అన్న మాటను పెద్దలు ఎంత నిష్ఠగా పట్టుకున్నారంటే, పదేళ్లు దాటినా ఒక్క కిలోమీటరు పట్టా పడలేదు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మన సోమలింగానికి పేరు ఒకసారి కాదు, రెండుసార్లు పెట్టారు. 2015లో అమరావతి మెట్రో రైల్ కార్పొరేషన్ అన్నారు, ప్రభుత్వం మారాక ఆంధ్రప్రదేశ్ మెట్రో రైల్ కార్పొరేషన్ అన్నారు. ఢిల్లీ మెట్రో వాళ్లు నివేదిక రాసిచ్చారు. 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం తెచ్చింది, రాసిందంతా మళ్లీ రాయమంది. కొన్నాళ్లు లైట్ మెట్రో అన్నారు, కొన్నాళ్లు ట్రామ్ కూడా కలిపారు, ఇప్పుడు కింద ఫ్లైఓవరు, పైన రైలు అని డబుల్ డెక్కర్‌కు ఎదిగారు. కాగితం మీద ఇంకో అంతస్తు లేపడానికి సిమెంటు అక్కర్లేదు కదా! 2024 డిసెంబరులో రాష్ట్రం ఆమోదించిన లెక్క ప్రకారం మొదటి దశలో విశాఖకు 46.23 కిలోమీటర్లు, 11,498 కోట్లు, విజయవాడకు 38.4 కిలోమీటర్లు, 11,009 కోట్లు. దశాంశ స్థానాలు చూస్తే ముచ్చటేస్తుంది. లేని రైలును సెంటీమీటర్లతో కొలవగలగడం మామూలు విద్య కాదు.

హైదరాబాదుకు వచ్చింది, మనకెందుకు రాకూడదు అంటారు. అక్కడికి ఎలా వచ్చిందో కూడా చెప్పుకుందాం. 2008లో మేటాస్ అనే కంపెనీ ప్రభుత్వాన్ని పైసా అడగకపోగా, ఎదురు 30,311 కోట్లు ఇస్తానని టెండరు గెలిచింది. ఇది రైలు బేరం కాదు, భూముల బేరమని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ హెచ్చరిస్తే, ఆయన మీద పరువునష్టం దావా వేస్తామని ప్రభుత్వం బెదిరించింది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కూలింది, దానితోపాటే మేటాస్, ఆ వెనకే ఒప్పందం. సత్యాన్ని తిరగేసి పేరు పెట్టుకున్న కంపెనీ దగ్గర ఇంకేం ఆశించాం లెండి. ఆ తర్వాత ఎల్ అండ్ టీ వచ్చింది. 2017 నవంబరు 28న రైలు కదిలింది, 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు పూర్తయింది. రోజుకు 15 లక్షల పైచిలుకు జనం ఎక్కుతారన్నారు, ఎక్కుతున్నది ఐదు లక్షలకు అటూఇటూ. నిలబడే చోటు కూడా ఉండదే అని ఎక్కినవాళ్లు అడగవచ్చు. మూడు పెట్టెల రైలు కిక్కిరిసిందని లెక్క నిండిందనుకుంటే ఎలా? చివరికి 2025 సెప్టెంబరులో ఆ కంపెనీ తప్పుకోవడానికీ, సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా తెలంగాణ ప్రభుత్వం మెట్రోను తీసుకోవడానికీ ఒప్పుకున్నారు. దేశంలో పెద్ద ప్రైవేటు మెట్రోగా పొగిడించుకున్నదాని కథ ఇది.

మెట్రో వద్దని కాదు. 2014లో 248 కిలోమీటర్లున్న దేశపు మెట్రో 2025 నాటికి వెయ్యి దాటింది. ఢిల్లీకి ఇవాళ అది వెన్నెముక. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా విశాఖ హైవే మీద సాయంత్రం వాహనాల వరస చూస్తే అక్కడ కూడా రైలు కావాలనే ఎవరికైనా అనిపిస్తుంది. అయితే చాలా నగరాల మెట్రోల్లో ప్రయాణికులు, ఖర్చులు రాబట్టుకోవడానికి కావలసిన సంఖ్యకు చాలా దూరంలో ఉన్నారని 2022లో పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది. స్టేషను దిగాక ఇంటికి చేర్చే బస్సు లేకపోతే ఆకాశంలో రైలుండి లాభమేమిటి? బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది కదా అనేది ఇంకో వాదన. నిజమే, అందుకే విజయవాడలో బస్సుకు విడిగా దారి వేశారు. ఆ బస్సులు పోయాయి, 'బీఆర్టీఎస్ రోడ్డు' అనే పేరు మాత్రం అడ్రసులకు పనికొస్తోంది. కట్టడం మనకు చేతకాక కాదు, కట్టినదాన్ని రోజూ నడపడమే మనకు విసుగు. రిబ్బను ఒక్కసారే కత్తిరిస్తారు, బస్సు పొద్దున్నే నడవాలి, మళ్లీ రాత్రికీ నడవాలి. అందులో ఫొటో ఏముంది?

ఇంకో విడ్డూరం. చట్టంలో రాసిన విజయవాడ, గుంటూరు, తెనాలి మధ్య పట్టాలు ఎప్పటినుంచో ఉన్నాయి, అది కూడా చక్కటి త్రిభుజంలా. ఉన్న పట్టాల మీదే 2003 ఆగస్టు 9న హైదరాబాదులో ఎంఎంటీఎస్ మొదలుపెట్టారు. అలాంటి లోకల్ రైళ్లు ఇక్కడ తిప్పడానికి స్తంభాలూ అక్కర్లేదు, డబుల్ డెక్కర్లూ అక్కర్లేదు. అందుకే కాబోలు, ఎవరికీ పట్టలేదు.

ఇక ఈ మెట్రోలేవీ చేరని ఊళ్ల మాట. నెల్లూరు దగ్గరి బుచ్చిరెడ్డిపాలెం సంగతే చూడండి. ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన బెజవాడ గోపాలరెడ్డి పుట్టిన ఊరు, 2020లో నగర పంచాయతీ అయిన ఊరు. రైల్వే స్టేషను లేదు. రైలెక్కాలంటే ముంబయి రోడ్డు మీద పదిహేను కిలోమీటర్ల చిల్లర ప్రయాణం చేసి నెల్లూరు చేరాలి, బస్సు దొరికితే బస్సులో, లేదంటే షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటులో. బెజవాడతో బుచ్చికున్న చుట్టరికం గోపాలరెడ్డి ఇంటిపేరు. బెజవాడ మెట్రోతో ఉండబోయే చుట్టరికం పన్ను. ఒక్కో బస్సుకు కోటి చొప్పున ధారాళంగా వేసుకున్నా, విశాఖ మొదటి దశ డబ్బుతో 11,498 బస్సులొస్తాయి. ఇవాళ ఆర్టీసీ దగ్గరున్నవన్నీ కలిపితేనే సుమారు 11 వేలు. అన్నీ బస్సులకే పెట్టమనడం లేదు. ఈ రెండు అంకెలను ఒకే కాగితం మీద రాసి చూపిన డీపీఆర్ ఒక్కటైనా ఉందా అని మాత్రం అడుగుతున్నాం. ఈసారి నాయకులెవరైనా రంగురంగుల గీతల మెట్రో మ్యాపు మీ ముందు పరిస్తే, మెచ్చుకోండి, తప్పులేదు. మెచ్చుకున్నాక, నెల్లూరు నుంచి బుచ్చికి రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికో అడగండి.