రెండో చెవి యాడ?

మా కొత్తచెరువులో ప్రేరణకు కరువు లేదు. కరువల్లా అది ఒకచోట కుదురుగా కూర్చోవడానికే.

కడపలో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. సెలవులకు ఇంటికి బయల్దేరేటప్పుడు మా సారు మూడు మాటలు చెప్పి పంపుతారు. రోజూ స్కెచ్ వెయ్యాలి. పుస్తకం నిండాలి. ఫొటో చూసి వేస్తే నాకు తెలిసిపోతుంది. ఈ మూడో మాటే ప్రాణం తీసేది. ఫొటో కదలదు, దగ్గదు, మన వెనక్కి వచ్చి నిలబడి "ముక్కు అట్లుంటాదా ఎవరికన్నా?" అని అడగదు. మనుషులు ఇవన్నీ చేస్తారు, ఒక్కోసారి ఒకేసారి చేస్తారు.

సారు ఊరికే పంపరు కూడా. పెద్దల కథలు మూటగట్టి నెత్తిన పెడతారు. గ్రీకు చిత్రకారుడు అపెలీజ్ ఎంత తీరిక లేకున్నా ఒక్క గీతైనా గీయకుండా రోజు గడవనిచ్చేవాడు కాదని రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టాడట. సరే, ఒప్పుకుంటాను. కానీ అపెలీజ్‌కు అలెగ్జాండరంతటివాడు బొమ్మ వేయించుకునేవాడు. నాకు మా వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన కూడా నిలవడు. ఆ తర్వాత మన చిత్రకారుడు దామెర్ల రామారావు కథ. 1897లో పుట్టాడు, రాజమహేంద్రవరంలో కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర కంట్లో పడ్డాడు, బొంబాయి జె.జె. స్కూల్లో చదివాడు, 1925లో మశూచి వచ్చి పోయేనాటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. అయినా ఆయన పేరుతో ఒక గ్యాలరీ పెట్టేంత పని చేసిపోయాడు. కథ ఇక్కడ ఆపి, సారు కళ్లద్దాల పైనుంచి చూస్తూ "నీకిప్పుడు ఎన్నేళ్లురా?" అంటారు. ఆ వాక్యం విన్నాక కడప బస్టాండులో ఇడ్లీ కూడా దిగదు.

ఇక ఊళ్లో నా సాధన సంగతి.

మనిషిని కొలవడానికి మాకొక పద్ధతి నేర్పారు. చెయ్యి బారుగా చాపాలి, పెన్సిలు నిలువుగా పట్టుకోవాలి, ఒక కన్ను మూసి, తల పొడవు ఎంతో బొటనవేలితో పెన్సిలు మీద గుర్తు పెట్టుకోవాలి. నిలబడ్డ మనిషి ఏడు, ఏడున్నర తలల పొడుగుంటాడు. క్లాసులో ఇది శాస్త్రం. బస్టాండులో దీని అర్థం వేరు. ధర్మవరం బస్సు కోసం ఒళ్లో తమలపాకుల సంచి పెట్టుకుని కూర్చున్న ఒక అవ్వను ఒకరోజు ఇట్లాగే కొలుస్తున్నాను. చెవులకు బరువైన కమ్మలు, ఆ బరువుకు సాగిన తమ్మెలు, బుగ్గన వక్క ఉండ. ఇంతకంటే మంచి ముఖం దొరకదు. కొలత కుదరక, మూసిన కన్ను తెరిచి మళ్లీ మూశాను. అవ్వ పక్కనున్న ఆమెను మోచేత్తో పొడిచింది.

"చూడు మే, ఆ పిల్లోడు నాకు కన్ను కొడ్తాండాడు."

బస్టాండంతా తిరిగి చూసింది. నేను పెన్సిలు చూపించాను, బోర్డు చూపించాను, ఏడున్నర తలల సంగతి కూడా చెప్పబోయాను. ఎవరికీ తలల లెక్క అక్కర్లేదు. బస్సు వచ్చింది. అవ్వ మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి, "మా ఆయప్ప బతికుండంగా ఒక్కసారన్నా కొట్టింటే బాగుండు గదా" అని అందరికీ వినపడేట్టు చెప్పి ఎక్కింది. నా పుస్తకంలో కమ్మ, సంచి మిగిలాయి. ముఖం ధర్మవరం వెళ్లిపోయింది.

మనుషులతో పెట్టుకోవడం ఎందుకని అంగళ్లు గీద్దామనుకున్నాను. అంగడి కదలదు, కన్ను కొట్టానని అనదు. కానీ 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి, పక్కనున్న పుట్టపర్తి జిల్లా కేంద్రమయ్యాక, మా దారిలో ఎవడు కాగితం తీసినా అది రోడ్డు వెడల్పు కాగితమే. అంతకుముందే భూముల రీసర్వే ఒకటి నడుస్తోంది. నేను ఎదురరుగు మీద కూర్చుని ఒక టీకొట్టు రేకుల చూరు గీస్తుంటే యజమాని బయటికొచ్చాడు.

"మార్కింగు యాడిదాకా వస్తాదప్పా?"

"మార్కింగు కాదన్నా. ఊరికే బొమ్మ గీస్తున్నా."

"ఊరికే ఎవురన్నా గీస్తారా?"

ఈ ప్రశ్నకు మా డిపార్ట్‌మెంటులో కూడా జవాబు చెప్పినవారు లేరు. ఆయన లోపలికి పోయి అల్లం టీ తెచ్చి నా పక్కన పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు. గొంతు తగ్గించి, "ఆ ముందు మెట్టు ఒగటి మాత్రం కాగితంలో ఎక్కించొద్దు" అన్నాడు. మెట్టు మురిక్కాలువ దాటి రోడ్డు మీదికొచ్చిన మాట నిజమే. టీ బాగుంది. అందుకే ఆ బొమ్మలో జనం గాల్లోంచి అంగట్లోకి ఎక్కుతుంటారు.

అమెరికాలోని సియాటిల్‌లో గాబ్రియెల్ కాంపనారియో అనే పత్రికా చిత్రకారుడు 2007లో అర్బన్ స్కెచర్స్ అని ఒకటి మొదలుపెట్టాడు. ఎక్కడున్నారో అక్కడే కూర్చుని, కళ్లెదుట ఉన్నదే గీయాలన్నది వాళ్ల నియమం. ప్రపంచమంతా పాకింది. వాళ్ల బొమ్మలు చూస్తే కాఫీ దుకాణాలు, వంతెనలు, వానలో గొడుగులు. చిత్రకారుడి వెనక నిలబడి "పట్టా ఎవరి పేరుతో ఉండాది?" అని అడిగేవాడు ఏ బొమ్మలోనూ కనపడడు. వాళ్ల నియమాలకు కొత్తచెరువు తరఫున ఒక సవరణ పంపాలని ఉంది.

కొంత మేలు రైల్వే స్టేషన్లో. 2000లో కట్టిన ఆ స్టేషను ఉండేది మా ఊళ్లో, పేరు మాత్రం శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం. మా ఊరికి రైలు ఉంది గానీ రైలుకు మా ఊరు తెలీదు. అక్కడ పుట్టపర్తికి వచ్చిపోయే భక్తులు బెంచీల మీద నిద్రపోతుంటారు. మనిషి నిద్రపోతే స్కెచ్ వేసేవాడికి పండగ. తెరిచిన నోరు, తల కింద మడిచిన చెయ్యి, కాళ్ల దగ్గర జత కలిపి పెట్టిన చెప్పులు, అన్నీ తీరిగ్గా గీసుకోవచ్చు. ఒక్క చిక్కల్లా, నిద్రపోయే వాళ్లనే గీసీగీసీ నింపిన నా పుస్తకం తిరగేసి మా అమ్మ "వీళ్లందరికీ ఏమైందిరా?" అని భయపడింది.

మెలకువగా ఉన్న మనిషిని గీయడానికి చివరికి నాకు తట్టిన ఉపాయం పక్కవాటు ముఖం. ఎదురుగా కూర్చుని గీస్తే వాడు మనల్ని చూస్తాడు, చూశాక మీసం సర్దుకుంటాడు, సర్దుకున్నాక కథ ముగిసినట్టే. పక్కన కూర్చుంటే వాడికి మనం కనపడం. ఒక కన్ను, ఒక చెవి, ముక్కు, గడ్డం. సగం పనితో ముఖం వచ్చేస్తుంది. ఇది దొంగపనేమోనని కొంచెం గుబులు ఉండేది. లేపాక్షి పోయొచ్చాక ఆ గుబులు పోయింది.

హిందూపురం నుంచి లేపాక్షి ఎంతో దూరం లేదు. గుళ్లో అడుగు పెట్టిన వాళ్లు నేరుగా వేలాడే స్తంభం దగ్గరికి పోయి, దాని కింద తుండు దూర్చి ఇవతలికి లాగి, పుణ్యమో ఫొటోనో దక్కించుకుని పోతారు. నేను మండపంలో వెల్లకిలా పడుకుని పైకప్పు చూశాను. పదహారో శతాబ్దం, అచ్యుతరాయల కాలం. శివపార్వతుల పెళ్లి, అర్జునుడు శివుడితో కొట్లాడిన అడవిపంది వేట, చీరల మీద రకరకాల అంచులు. కావి ఎరుపు, పసుపు మన్ను, సున్నం తెలుపు, చుట్టూ నల్లగీత. ఇక ముఖాలు చూడండి, చాలావరకు పక్కవాటే! ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు, దేవుణ్ని చూస్తారు, మనవైపు మాత్రం తిరగరు. పండితులు దీనికి శైలి అని పేరు పెట్టారు. నాకు మాత్రం ఆ చిత్రకారులు కూడా ఏ పెనుకొండ సంతలోనో మనుషుల పక్కన నక్కి కూర్చుని నేర్చుకున్నారనే గట్టి నమ్మకం.

గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కూడా పరివారంతో సహా పైకప్పు మీద ఉన్నారు. పొడుగు టోపీలు, పల్చటి అంగీలు, విభూతి తీసుకుంటూ. గీసినవాడి అవస్థ ఒక్కసారి తలచుకున్నాను. డబ్బిచ్చే మనిషి కింద నిలబడి "నా మీసం ఇంకాస్త నల్లగా" అంటుంటే, మంచె మీద పడుకుని కుంచె పట్టుకున్నవాడు ఏమని ఉంటాడు? ఖజానా సొమ్ము గుడికి ఖర్చు చేశాడని రాజుకు కోపం వస్తే విరుపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని స్థలగాథ చెబుతుంది. గోడ మీద ఎర్రటి మరకలు చూపిస్తారు. అందరూ ఆ మరకలు చూసి అయ్యో అంటారు. అంతలోపే చిత్రకారుల కూలి చేతికందిందా లేదా అని అడిగేవాడు ఒక్కడూ లేడు. నేను అడిగాను. గైడు నన్ను విచిత్రంగా చూసి మిగతావాళ్లను తీసుకుని నంది దగ్గరికి పోయాడు.

పక్కవాటు ముఖాలకు రెండో సాక్ష్యం ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ కళకే. ఆ కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాట్లాడతాయి, తెర వెనక రాముడు, సీత మాత్రం తెలుగు మాట్లాడతారు. మేకతోలు గీకి, ఆరబెట్టి, వెనక దీపం పెడితే వెలుగు ఇవతలికి వచ్చేంత పల్చన చేస్తారు. ఒక ఇంట్లో ఒకాయన హనుమంతుడి మీద వంగి కూర్చున్నాడు. కింద చెక్క, చేతిలో చిన్న ఉలి. టక్, టక్, ఒక్కో దెబ్బకు ఒక్కో కన్నం. మొలనూలు, కంఠహారం, కిరీటం అన్నీ కన్నాలే. నగ ఎక్కడుందో అక్కడ తోలు లేదు! మేము బంగారం మెరవడానికి పసుపు మీద పసుపు పూసి పూసి చస్తుంటే, ఈయన ఉన్నదాన్ని తీసేసి దీపానికి అప్పజెప్పాడు. అంతసేపు చూసినా ఆయన పక్కన రబ్బరు కనపడలేదు.

నా పుస్తకం అడిగి తీసుకున్నాడు. ఒక్క చెయ్యి కోసం నేను గీసిన పదిరకాల గీతలు చూశాడు.

"ఇన్నిట్లో ఏది నిజం గీత?"

"అది తెలుసుకోవడానికే సార్ ఇన్ని. చేత్తో వెతుక్కోవాలని మా సారు చెబుతారు."

"మేం వెతికేది తోలు ముట్టకముందే" అని పుస్తకం తిరిగిచ్చి ఉలి అందుకున్నాడు. టక్, టక్.

ధర్మవరంలోనే మాకు దూరపు చుట్టం ఒక మామ ఉన్నాడు, పట్టుచీరలకు డిజైన్లు వేసినవాడు. ఇప్పుడంటే కంప్యూటర్ గానీ, ఆయన గ్రాఫు కాగితం మీద గడి గడికీ రంగు నింపినవాడు. గడి అంటే దారం. దాన్ని బట్టి అట్టలకు కన్నాలు పడితే, జకార్డు వాటిని చదివి ఏ దారం పైకి లేవాలో చెబుతుంది. లేపాక్షి పైకప్పు మీది హంసలు, అంచులు ఆ గళ్లల్లోంచి దిగి పెళ్లిచీరల మీదికి వచ్చాయి. ఆ హంసలూ పక్కవాటే, గమనించాలి. నేను గాలికి ఊగే చింతకొమ్మను ఒక్క ఊపులో గీసింది చూపిస్తే, మామ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "బాగుండాదిరా. అయితే ఈ గీత ఏ గడిలో వస్తాది?" అన్నాడు.

కళకు మా ఊళ్లో ఉన్న అసలు పరీక్ష మాత్రం వేరు. శైలి, లయ, కూర్పు ఎవరికీ పట్టవు. పక్కవాటు ముఖం చూపిస్తే చాలు, ఊరు ఊరంతా ఒకే మాట అడుగుతుంది: రెండో చెవి యాడ? అవతలివైపు ఉంది, కనపడదు అంటాను. "కనపడకపోతే ఉండదా?" అంటారు. పికాసో పారిస్‌లో ఒకే ముఖంలో అటూ ఇటూ రెండూ చూపిస్తే పేరొచ్చింది గదా, అదే సంగతి మా టీకొట్టు బెంచీ మీద రోజూ ఉచితంగా చెబుతున్నారు.

ఆ మధ్య బుక్కపట్నం చెరువు కట్ట మీద గొర్రెలు కాసే తాత ఒకాయన నన్ను పట్టేశాడు. పక్కనుంచి గీస్తుంటే ఎట్లా పసిగట్టాడో, కట్టె చంకన పెట్టుకుని నేరుగా నా ముందుకొచ్చి కూర్చున్నాడు. స్టూడియో ఫొటోకు కూర్చున్నట్టు రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించాడు. తలగుడ్డ సర్దాడు. రెండు చెవులూ బయటికి తీశాడు. ఊపిరి కూడా బిగబట్టాడు. సెలవుల్లో నాకు దొరికిన ఏకైక కదలని మనిషి. ఎదురు ముఖం, తప్పించుకునే దారి లేదు. వేశాను. తెల్లటి బుర్రమీసాలు, ఎండకు చిట్లించిన కళ్లు, రెండు చెవులు లెక్కకు సరిగ్గా.

తాత కాగితం దూరంగా పట్టుకుని చూసి తలూపాడు. తర్వాత ఖాళీగా ఉన్న కుడివైపు వేలు పెట్టాడు.

"ఈడ నా కొడుకును ఎయ్యి."

"యాడుండాడు తాతా?"

"బెంగళూరులో. గార పని."

"నేను చూడలేదే."

"చూసేదేముండాది, నా మాదిరే ఉంటాడు. మీసం తీసెయ్."

మీసం తీసేశాను. ముడతలు తగ్గించాను, తలగుడ్డ బదులు క్రాపు పెట్టాను. తాత మళ్లీ కాగితం అందుకుని, గొర్రెలు చేలోకి పోతున్నా పట్టించుకోకుండా చూశాడు. మొహం చిట్లించాడు.

"వీనికి బుగ్గలు యాడబోయినాయి? ఆడ అన్నం పెట్టేవాళ్లు లేరా?"

బుగ్గలు పెంచాను.