చౌక విదేశీయానం: భద్రాచలం దారి

ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచుల దాకా ఉన్న ఊళ్ళలో చౌక విదేశీ విహారం అంటే, నలుగురున్న కుటుంబం వడ్డీకి తేకుండా, వీసా అడగని దేశానికి పోయి, బడులు తెరిచేలోపు ఇల్లు చేరడం. ఈ ప్రాంతం నుంచి సముద్రం దాటిన తొలి గగన ప్రయాణం దుమ్ముగూడెం మండలం పర్ణశాల నుంచే జరిగిందని స్థలపురాణం. అది విహారయాత్ర కాదు, ప్రయాణం చేసిన తల్లి సమ్మతీ లేదు గనుక ఇక్కడ లెక్కలోకి రాదు.

సరిహద్దులు ఇక్కడి వాళ్ళకు కొత్త కాదు. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. ఆ తర్వాత ఖమ్మంలోకి, 2016లో భద్రాద్రి కొత్తగూడెంలోకి వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు ఎటపాక వాసులు కూర్చున్న పీట మీద నుంచి లేవకుండానే రాష్ట్రం మారారు. చార్జీ లేదు, సామాను బరువు చూసిన వాళ్ళూ లేరు. అంత చౌక ప్రయాణాన్ని ఏ విమాన సంస్థా ఇంతవరకు ప్రకటించలేదు. అయితే సరిహద్దే మనిషిని దాటిపోవడం వేరు, మనిషి సరిహద్దును దాటడం వేరు. రెండోదానికి కాగితాలు కావాలి, అంతకంటే ముందు ఏ దేశమో తేలాలి.

ఈ చర్చ మామూలుగా స్విట్జర్లాండ్ దగ్గర మొదలవుతుంది. సినిమా పాటల పుణ్యమా అని ఆ దేశపు కొండలు పిల్లలకు కిన్నెరసాని కంటే బాగా తెలుసు. వీసాకు బ్యాంకు లెక్కలు చూపించాలని తెలియగానే చర్చ తూర్పుకు తిరుగుతుంది. ఇంటి పెద్దావిడ ఓటు శ్రీలంకకు. పర్ణశాల చూసిన కళ్ళతో అశోకవనం కూడా చూస్తే కథ పూర్తవుతుందని ఆవిడ లెక్క. నేపాల్ అందరికంటే చౌక, పెద్దవాళ్ళకు ఓటరు కార్డు చాలు. కానీ నేపాల్ వెళ్ళొస్తే వీధిలో ఎవరూ దాన్ని ఫారిన్ కింద జమకట్టరు, కాశీయాత్ర కాస్త పొడిగించారనుకుంటారు. మలేషియా 2023 డిసెంబరు నుంచి భారతీయులకు 30 రోజుల దాకా వీసా లేదంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో రబ్బరు తోటల పనికి ఓడలెక్కి పోయిన తెలుగువాళ్ళ మనవలు అక్కడ ఇప్పటికీ ఉగాది చేసుకుంటారు. ఆ తాతలెవరూ విహారానికి వెళ్ళినవాళ్ళు కాదు. ఈలోగా ఒక బాబాయి అందుకుని, “ముందు పాపికొండలు చూసిన్రా?” అంటాడు. పోచవరం రేవులో లాంచీ ఎక్కితే అయిపోయేదానికి ఇన్నేళ్ళూ ఎవరూ పోలేదు. అక్కడ మాట మార్చడం ఆనవాయితీ.

చివరికి తేలేది థాయిలాండ్. 2023 నవంబరులో భారతీయులకు వీసా ఎత్తేసి, 2024 జులై నుంచి 60 రోజుల దాకా ఉండనిచ్చిన దేశమది. ఇలాంటి సడలింపులు ఎప్పుడు మారతాయో చెప్పలేం గనుక టికెట్ కొనే రోజున మళ్ళీ చూసుకోవాలి. చిక్కల్లా బ్యాంకాక్ అన్న పేరుతోనే. మగవాళ్ళు గుంపుగా వెళ్ళొచ్చి, ఫొటోలు చూపించని ఊరుగా దానికి ఈ జిల్లాల్లో ఒక పేరుంది. అందువల్ల కుటుంబంతో వెళ్ళేవాళ్ళు బ్యాంకాక్ అనరు, థాయిలాండ్ అంటారు, ఆ వెంటనే “ఫ్యామిలీతోనే” అని కలుపుతారు. పెద్దావిడను ఒప్పించడం అంతకంటే సులువు. అక్కడి రాజులు రామ అన్న బిరుదుతోనే ఏలుతున్నారు, ఇప్పుడున్నది పదో రాముడు. పాత రాజధాని అయుత్థయ పేరు అయోధ్య నుంచి వచ్చింది. రాజప్రాసాదం పక్కనున్న గుడి వసారా గోడల నిండా రామకథ బొమ్మలే. భద్రాచలం ఆడపడుచుకు ఇంతకు మించి చెప్పనక్కర్లేదు. థాయి రామాయణమైన రామకియెన్‌లో హనుమంతుడు బ్రహ్మచారి కాడు, అతనికి భార్యలూ పిల్లలూ ఉన్నారు. ఈ సంగతి టికెట్ డబ్బు తిరిగిరాని రోజు దాటాక చెప్పడం క్షేమం.

డబ్బు ఎప్పుడొస్తుందన్నదాన్ని బట్టి ప్రయాణకాలం తేలుతుంది. మిర్చి రైతుకు ఖమ్మం యార్డులో సరుకు అమ్ముడయ్యాక ఎండాకాలంలో చేతిలో డబ్బు ఆడుతుంది, బడులకు సెలవులూ అప్పుడే. ఏప్రిల్లో బ్యాంకాక్ ఎండ 36, 37 డిగ్రీలని అక్కడి వాళ్ళు ఆయాసపడతారు గానీ, 45 చూసిన కొత్తగూడెం మనిషికి అది ఊటీ. సింగరేణి ఇళ్ళకు దసరా ముందు లాభాల వాటా వస్తుంది. 2024లో అది 33 శాతం. సర్కారు ఉద్యోగులకు ఎల్టీసీ ఉంది కానీ అది దేశం దాటదు. మిగిలినవాళ్ళు చిట్టీ ఎత్తుకుంటారు. ఖజానా సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ చెరసాలలో పడ్డ కంచర్ల గోపన్న కథ వింటూ పెరిగిన ఊరు కాబట్టి పరాయి సొమ్ము ముట్టుకునేముందు ఇక్కడ ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. తానీషా బాకీ రామలక్ష్మణులు వచ్చి తీర్చారంటారు. క్రెడిట్ కార్డు బిల్లుకు ఆ ఏర్పాటు లేదు.

ఆ తర్వాత పాస్‌పోర్టు. ఖమ్మం పోస్టాఫీసులో సేవా కేంద్రం వచ్చాక హైదరాబాద్ పోయే పని తప్పింది. మామూలు పద్ధతిలో ఫీజు పెద్దవాళ్ళకు 1,500, పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు 1,000 రూపాయలు. నలుగురికీ కలిపి ఒక మంచి పట్టుచీర ఖరీదు కాదు. ఖరీదైనది పేరు. తెలుగువాడికి ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. అది పదో తరగతి మెమోలో పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్ కార్డుకొచ్చేసరికి తోక దగ్గరికి పోతుంది. ఇల్లాలికి ఒకచోట పుట్టింటి పేరు, ఇంకోచోట మెట్టింటి పేరు. నలుగురున్న ఇంట్లో కాగితాల లెక్కన తొమ్మండుగురు తేలడం వింత కాదు. పుట్టినరోజుదీ అదే తీరు. ఈ అడవి అంచు పల్లెల్లో నలభై దాటిన చాలామంది జూన్‌లోనే పుట్టారు. బడిలో చేర్చుకుంటూ పంతులుగారు తోచిన తేదీ వేసేది ఆ నెలలోనే మరి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుందని 2025లో నిబంధన మార్చారు కాబట్టి పంతుళ్ళ చేతిలోంచి ఆ అధికారం పోయినట్టే.

ఆపైన పోలీసు విచారణ. వాకిట్లో కానిస్టేబుల్ బండి ఆగిందంటే ఎదురింట్లో “ఏం కేసంట?” అన్న ప్రశ్న, పక్కింట్లో “పాస్‌పోర్టంట” అన్న జవాబు పుట్టి పొద్దుగూకేలోపు ఊరంతా తిరిగొస్తాయి. చడీచప్పుడు లేకుండా వెళ్ళి అక్కడి నుంచి ఫొటోలు పెట్టాలన్న ఆలోచన అంతటితో సరి. మర్నాడే బామ్మర్ది ఫోను: “ఏంది బావా, మాకు చెప్పకుండానే పోతున్నారంట?”

చౌక యాత్ర లెక్క తప్పేది ఇక్కడే. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారు. ఇంటి బడ్జెట్టూ అదే కొలబద్ద మీద ఎక్కుతుంది. టికెట్ మీద కనిపించిన ధరలో సామాను, సీటు, తిండి లేవని తెలిసినప్పుడు మొదటి హెచ్చరిక. ఉన్న సూట్‌కేసు పెళ్ళినాటిదని, దాంతో విమానం ఎక్కితే పరువు పోతుందని తీర్మానం జరిగినప్పుడు రెండోది. బామ్మర్ది కుటుంబం కూడా వస్తోందని, వాళ్ళ టికెట్లు “ఇప్పటికి నువ్వే పెట్టు బావా” అన్నప్పుడు మూడోది. ఆ తర్వాత లెక్కల పుస్తకం మూసేస్తారు. 1986లో నది 75.6 అడుగులకు ఎక్కిందని, మనమింకా అక్కడిదాకా పోలేదని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. గమనించాల్సింది ఏమిటంటే, ఇంత వరద వచ్చినా థాయిలాండ్‌లో ఇంకా ఒక్క బాటూ ఖర్చు కాలేదు.

తక్కువ ధర టికెట్ మంగళవారానికో అమావాస్యకో దొరుకుతుంది. ఆ కారణంగానే తక్కువని పెద్దావిడ అనుమానం. దీనికి పాత పరిష్కారమే ఉంది, ప్రస్థానం. మంచి ఘడియ చూసి ఒక సంచిని ముందే పక్కింట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఆ సంచిలో పాస్‌పోర్టులు పెట్టకూడదు. బయలుదేరే వేళకు పక్కింటివాళ్ళు ఏ పెళ్ళికో పోయి ఉంటారు.

తేదీ సంగతీ జాగ్రత్తగా చూడాలి. విమానం 14వ తేదీ రాత్రి పన్నెండున్నరకని ఉంటే 13వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. 14న తీరిగ్గా భోంచేసి బయలుదేరినవాళ్ళు శంషాబాద్ చూసి వస్తారు.

సామాను తూకం కిరాణా కొట్టు కాటా మీద జరుగుతుంది. చేతి సంచికి మామూలుగా ఏడు కిలోలే. అందులో బట్టలు ఎన్నన్నది ఆవకాయ, సకినాలు, చిన్న రైస్ కుక్కర్ సర్దాక తేలుతుంది. నూనె తేలే పచ్చడి చేతి సంచిలో సాగదు, కింద వేసే సామానులోనే పోవాలి. ఎండు కొబ్బరి సులువుగా అంటుకుంటుందని సామాన్లలో నిషేధించారు. స్వామివారి ప్రసాదమని చెప్పినా తనిఖీ దగ్గర వినరు. ఎర్ర కారం మూట కూడా కింద వేసే సామానులోనే క్షేమం. ఖమ్మం యార్డులో తూగే తేజ రకం మిర్చి థాయిలాండ్‌కు ఏటా ఎగుమతి అవుతూనే ఉంది. అక్కడి తిండి చప్పగా ఉంటుందేమోనని అదే మిర్చిని కారం కొట్టించి, మూటగట్టి, కిలోల లెక్కన అదనపు రుసుము కట్టి మోసుకుపోవడం కుటుంబాల పద్ధతి.

ఇక బయలుదేరడం. భద్రాచలానికి రైలు లేదు. భద్రాచలం రోడ్ స్టేషన్ నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో ఉంది. రాత్రి రైలుకు సికింద్రాబాద్ చేరితే పగలంతా దిల్‌సుఖ్‌నగర్‌లో చుట్టాలింట్లో గడపాలి, వాళ్ళకు మిఠాయిలు, పిల్లల చేతిలో డబ్బులు. అంతకంటే బండి మాట్లాడుకోవడమే చౌకని తేలుస్తారు. సాగనంపేవాళ్ళకు ఇంకో బండి. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ, చేతిలో “దారి ఖర్చులకు” పెట్టిన నోట్లు. ఈ నోట్లు పెట్టిన ప్రతివాళ్ళకూ టైగర్ బామో సెంటు సీసానో తేవాలి, అందులో నష్టమే తప్ప లాభం ఉండదు. ఖమ్మం దాటి, సూర్యాపేట దగ్గర ఆగి, టీ కొట్టు బల్ల మీద ఇంటి పులిహోర విప్పి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరేసరికి ఆరేడు గంటలు. అక్కడి నుంచి బ్యాంకాక్‌కు గాలిలో మూడున్నర గంటలు చాలు.

లోపలికి టికెట్ ఉన్నవాళ్ళనే వదులుతారు కాబట్టి రెండో బండి జనం గేటు దగ్గరే కళ్ళు తుడుచుకుంటారు. ఐదు రోజుల్లో తిరిగొస్తారని అందరికీ తెలుసు. చౌక విమానాలు కొన్ని డాన్ మ్యూయాంగ్‌లో దిగుతాయి, మిగతావి సువర్ణభూమిలో. హోటలు ఏ విమానాశ్రయానికి దగ్గరన్నది బుక్ చేసేముందే చూసుకోవాల్సింది. 2025 మే 1 నుంచి అందరూ నింపాల్సిన డిజిటల్ అరైవల్ కార్డు ఉచితం, చేరడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. డబ్బడిగే సైట్లు సర్కారువి కావు.

దిగాక గడియారం గంటన్నర ముందుకు తిప్పుకుని ఇమిగ్రేషన్ వరుసలో నిలబడాలి. అధికారి అడిగేవి రెండు మూడు: ఎన్ని రోజులు, ఏ హోటలు, తిరుగు టికెట్ ఏది. కుటుంబానికి సరిపడా డబ్బు చూపించమని కూడా అడగొచ్చు. ఆ డబ్బు దొంగల భయంతో పెద్దావిడ లోలంగా జేబులో పిన్నీసు పెట్టి భద్రంగా ఉంటుంది. మరుగుదొడ్డి ఎక్కడుందో ముందుగా చూసి పెట్టుకోవాలి. చాలాసార్లు అడగరు.