పాట వస్తే వాల్యూమ్ తగ్గించండి

రేడియోలో పాట మొదలవగానే వాల్యూమ్ తగ్గించండి. ఆ పాట ముగిసి ఇంకోటి అందుకునేలోపు కొందరు గొంతు కలిపి స్టేషన్ పేరు పాడతారే, అప్పుడు పెంచండి. పాట ఎక్కడైనా దొరుకుతుంది. ఆ ఐదారు సెకన్లు ఆ స్టేషన్‌లో తప్ప దొరకవు. జింగిల్స్ చేయాలని ఉన్న పిల్లలకు నేను ముందు చెప్పే మాట ఇదే. తర్వాత చెప్పేవి ఇంకా విడ్డూరంగా తోస్తాయి. కానీ వాటిలో చాలావరకు అమెరికాలో డాలస్ ఊరు చేసి చూపించినవే.

చరిత్ర చదవాలంటే 1926 నుంచి మొదలుపెట్టకండి. ఆ ఏడాది క్రిస్మస్ ముందు రాత్రి మినియాపొలిస్‌లో నలుగురు మగవాళ్లు వీటీస్ అనే అటుకుల్లాంటి టిఫిన్ సరుకు మీద పాట పాడారని, జింగిల్ అక్కడే పుట్టిందని అందరూ రాస్తారు. నిజమే. అయితే అది సరుకు అమ్మే పాట. స్టేషన్ పేరునే పాటగా చేసి స్టేషన్లకు అమ్మడం వేరే వృత్తి. దాని కోసం 1951కి రండి. ఆ ఏడు బిల్ మీక్స్ డాలస్‌లో పామ్స్ కంపెనీ పెట్టాడు. అంతకుముందు అదే ఊళ్లో గోర్డన్ మెక్‌లెండన్ నడిపిన కెఎల్ఐఎఫ్ స్టేషన్‌లో సంగీతం పని చూసేవాడు.

ఇక అసలు సలహా. సొంత ట్యూను కోసం తల బద్దలు కొట్టుకోకండి. పక్క ఊరి స్టేషన్‌కు అమ్మేసిన ట్యూనే కొనండి. పామ్స్ వ్యాపారమంతా దీని మీదే నడిచింది. వాద్యాలన్నీ ఒకసారి రికార్డు చేసి, ఒక్కో కట్టకు సిరీస్ అని నంబరిచ్చి దాచేవారు. ఏ స్టేషన్ కొంటే ఆ స్టేషన్ పేరుతో గాయకులు అదే ట్రాక్ మీద మళ్లీ పాడేవారు. ఆర్కెస్ట్రా ఖర్చు ఒక్కసారే. న్యూయార్క్‌లో డబ్ల్యూఏబీసీ లాంటి పెద్ద స్టేషన్ వాడిన హంగు ఓ చిన్న ఊరి స్టేషన్‌కూ అందిందంటే కారణం ఇదే. ఇది కాపీ కదా అని ముఖం చిట్లించేవాళ్లు ఒకే ట్రాక్ మీద పాడిన రెండు ఊళ్ల పేర్లను పక్కపక్కన పెట్టి వినాలి. వాద్యం మారదు, పేరు మారుతుంది, అయినా రెండుచోట్లా ఆ ట్యూను ఆ పేరు కోసమే పుట్టినట్టుంటుంది. అందులో ఉన్న పనితనం కొత్త ట్యూను కట్టడంలో ఉన్నదానికి తక్కువేమీ కాదు.

ఎందుకంటే పేర్లు ఒక కొలతలో ఉండవు. మిసిసిపీ నదికి పడమటి స్టేషన్లు చాలావరకు కె తో, తూర్పువి డబ్ల్యూతో మొదలవుతాయి. కె ఒక్క దెబ్బలో అయిపోతుంది. డబ్ల్యూ అనడానికి ఇంగ్లీషులో మూడు అక్షరాలు పలకాలి. డబ్ల్యూఏబీసీకి ఆరు. కెఎల్ఐఎఫ్‌ను అక్కడివాళ్లు క్లిఫ్ అనేస్తారు, ఒక్కటే. ఆరింటినీ ఒక్కదాన్నీ ఒకే ట్రాక్‌లో ఇరికించాలంటే ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ మింగాలో తెలియాలి. పద్యం చదివేటప్పుడు గురువు, లఘువు లెక్క చూసిన చెవి మనది. ఈ విద్య మన పిల్లలకు త్వరగా పట్టుబడాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎఫ్ఎం స్టేషన్ పేరుకు జింగిల్ కట్టేవారు ట్యూను జోలికి పోకముందు ఆ పేరును పదిసార్లు పైకి చదివి, ఏ అక్షరం మీద ఊనిక పడుతుందో చూసుకోండి.

పేరున్న గాయకుణ్ణి పిలవకండి. అతని గొంతు గుర్తుపడితే విన్నవాడికి స్టేషన్ గుర్తుండదు. డాలస్ గాయకుల గొప్పతనం ఎవరి గొంతూ విడిగా తేలకపోవడమే. వాళ్ల పాటలు కోట్లమంది విన్నారు, పేర్లు ఎవరికీ తెలియవు. ఇది నాకు బాధే. వాళ్ల పేర్లు రాసిపెట్టడం మన బాధ్యత అనుకుంటాను, కానీ పాటలో మాత్రం వినిపించకూడదు.

వాద్యాన్నే మాట్లాడించాలనిపిస్తే సోనోవాక్స్ గురించి చదవండి. గిల్బర్ట్ రైట్ తయారుచేసిన సాధనమది. రెండు చిన్న స్పీకర్లను గొంతుకు ఆనించి సంగీతం వదిలితే, మనిషి గొంతు పెగలకుండా నోరు మాత్రం ఆడిస్తాడు, మాటలు వాద్యం పలుకుతుంది. 1941లో డిస్నీ డంబో సినిమాలో రైలు మాట్లాడింది ఇలాగే. పామ్స్ దీన్ని జింగిల్స్‌లో బాగా వాడింది.

మీ జింగిల్‌ను పోటీ స్టేషన్ తీసుకుంటే అభ్యంతరం చెప్పకండి. 1964 డిసెంబరు నుంచి 1967 ఆగస్టు దాకా ఇంగ్లండ్ తీరంలో లంగరేసిన గెలాక్సీ అనే ఓడ మీంచి రేడియో లండన్ ప్రసారమైంది. దాని వెనక టెక్సస్ డబ్బు, పామ్స్ జింగిల్స్ ఉన్నాయి. ఓడ స్టేషన్లను అడ్డుకునే కొత్త చట్టంతో అది మూతపడింది. సెప్టెంబరు 30న బీబీసీ రేడియో 1 మొదలైనప్పుడు అవే ట్యూన్లు రేడియో 1 పేరుతో మళ్లీ పాడించుకుని వచ్చాయి. ఓడ మీద రికార్డులు వేసిన టోనీ బ్లాక్‌బర్నే తొలి కార్యక్రమం చేశాడు. ఏ స్టేషన్లను చట్టం మూయించిందో వాటి గొంతే ప్రజా ప్రసార సంస్థకు కావలసివచ్చింది. బీబీసీ అలా చేయడం సరైన పని అని నా నమ్మకం. వినేవాళ్ల చెవికి ఆ స్వరం అప్పటికే అలవాటైపోయింది.

పొడుగు కూడా తగ్గించండి. 1965లో లాస్ ఏంజెలెస్ కెహెచ్‌జె స్టేషన్‌కు జానీ మాన్ బృందం వాద్యాలే లేకుండా రెండు మూడు సెకన్లలో పేరు పాడేసింది. ఆర్కెస్ట్రాల డాలస్‌కు అది గట్టి జవాబు.

చివరగా, పాడిన జింగిల్ పోయినా ఫర్వాలేదు, పాడని ట్రాక్ పారేయకండి. పామ్స్‌లో పనిచేసిన జాన్ వోల్ఫర్ట్, భార్య మేరీ లిన్‌తో కలిసి 1974లో డాలస్‌లోనే జామ్ కంపెనీ పెట్టాడు. తర్వాత పామ్స్ హక్కులూ జామ్ చేతికే వచ్చాయి. వాద్యాల ట్రాకులు విడిగా మిగిలితేనే పాత సిరీస్‌లను ఇవాళ్టి స్టేషన్ పేరుతో మళ్లీ పాడించగలం. గొంతులు కలిపేసిన టేపు ఒక్కటే మిగిలితే అది వినడానికి తప్ప పనికిరాదు. అందుకే స్టూడియో ఖాళీ చేసేటప్పుడు గొంతుల్లేని రీళ్లను ముందు తీయండి, ఒక్కోదాని మీద సిరీస్ నంబరు, కట్ (సిరీస్‌లో ఒక్కో జింగిల్) నంబరు, వేగం రాసి పెట్టండి.