పెరటి చెట్టు: కొట్టే విధానం

బాన్సువాడలో ఇంటి వెనక పెరిగిన పెద్ద వేపను తీయించాలంటే ముందు పట్టాల్సింది గొడ్డలి కాదు, దరఖాస్తు.

2002 నాటి వాల్టా చట్టం నీరు, భూమి, చెట్టు మూడింటినీ కాపాడుతుంది. కాబట్టి స్థలం సొంతమైనా, చెట్టు తాత నాటిందే అయినా, కొట్టడానికి అనుమతి కావాలి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ ఫైలుకు భేషుగ్గా పనికొస్తుంది.

టేకయితే వైభోగం ఇంకాస్త ఎక్కువ. కొట్టడానికి ఒక కాగితం, దుంగను బండెక్కించడానికి మరో కాగితం.

ప్రహరీ దాటిన కొమ్మ పక్కింటివారికి చెత్త. చెట్టు కొట్టిస్తున్నారని తెలిసిన మరుక్షణం అదే కొమ్మ వారికి పర్యావరణం. ఎండాకాలంలో వారి కారు నిలిచేది కూడా దాని కిందే.

కరెంటు తీగ కింది చెట్టుకు ఈ బాధల్లేవు. వానలకు ముందే సిబ్బంది వచ్చి నెత్తి గొరిగి పోతారు. 2015లో మొదలైన హరితహారంలో సరిగ్గా తీగల కిందే మొక్కలు నాటిన చోట్ల ఈ క్షౌరం ఏటా తప్పదు. నాటింది సర్కారే, నరికేదీ సర్కారు మనుషులే. మధ్యలో దరఖాస్తుకు చోటెక్కడ?

కొట్టిన చెట్టుకు బదులు మొక్కలు నాటాలన్నది నిబంధన. జానెడు మొక్క, యాభై ఏళ్ల నీడ కాగితం మీద సరిసమానం.

గాలివాన ఒక్కటే అనుమతి లేకుండా చెట్టు కూలుస్తుంది. అదీ నేరుగా వంటింటి రేకుల మీదికి.

ఎవరు కొట్టినా, మొద్దు తవ్వే కూలి వేరు.