చాయ్ గ్లాసంత కడుపు పెద్దమనిషి

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాతే తిండికి రుచి ఉంటుందని కనిపెట్టిన పెద్దమనిషి నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో ఈ మధ్య తరచుగా తారసపడుతున్నాడు. వయసు నలభై అయిదుకూ యాభై అయిదుకూ మధ్య. రైస్ మిల్లో, పసుపు కమీషన్ దుకాణమో, విత్తనాల వ్యాపారమో ఉంటుంది. గుర్తుపట్టడం తేలిక. పెళ్లి పంక్తిలో అందరి విస్తర్లూ ఖాళీ అయ్యేసరికి ఇతని ముందున్న నాలుగు ముద్దల్లో రెండు ఇంకా మిగిలే ఉంటాయి. ఆపరేషన్ చేయించుకునేవాళ్లలో ఆడవాళ్లూ చాలామందే ఉన్నారు గానీ, వాళ్లు ఈ కోవలోకి రారు. వండింది వాళ్లే గనుక రుచి సంగతి వాళ్లకు ముందే తెలుసు.

ఇతని శరీరానికి వెనక కొంత చరిత్ర ఉంది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ కింద వరి, చెరకు పండాయి. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. నీళ్లకూ చక్కెరకూ కొదవ లేని నేల. తాత జొన్నరొట్టె తిని చెరకు కొట్టాడు. తండ్రి బియ్యం తిని బండి తోలాడు. ఇతను బియ్యం తిని కుర్చీలో కూర్చున్నాడు. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది గానీ ఇతని నోరు మూతపడలేదు. ఆ రోజుల్లో కూర ఎట్లుందని ఇంట్లోవాళ్లు అడిగితే, ‘ఇంకింత ఉన్నదా?’ అన్నదే జవాబు. ఉందంటే బాగున్నట్టు, లేదంటే బాగాలేనట్టు.

మోకాళ్లు మొరాయించి, షుగర్ పట్టుకుని, గురకకు ఇంటిల్లిపాదీ వేరే గదుల్లోకి తరలిపోయాక నిజామాబాద్ ఖలీల్‌వాడి డాక్టర్లు హైదరాబాద్ దారి చూపిస్తారు. భారతీయులకైతే బీఎంఐ 37.5 దాటినా, షుగరో బీపీయో ఉండి 32.5 దాటినా బేరియాట్రిక్ సర్జరీ గురించి ఆలోచిస్తారు. అందులో ఎక్కువగా చేసేది స్లీవ్. పొట్టలో దాదాపు ఐదింట నాలుగు వంతులు తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. ఆపరేషనైన కొత్తలో ఆ గొట్టంలో 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడతాయి. ఇరానీ హోటల్లో చాయ్ గ్లాసు కొలత అది. తీసేసిన భాగంతో పాటే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను కూడా చాలామటుకు పోతుంది.

మొదటి రెండు వారాలూ పల్చటి మజ్జిగ, పప్పుకట్టు, వడగట్టిన సూప్. తర్వాత మెత్తగా మెదిపిన తిండి. గట్టి తిండి రెండో నెలలో గానీ రాదు. రుచి పుట్టేది మాత్రం మెదిపిన తిండి దగ్గరే. స్పూనుతో పెసరపప్పు నోట్లో పెడతారు. అందులో ఉప్పు ఉందని, జీలకర్ర ఉందని, ఆ జీలకర్ర పోపులో రవ్వంత మాడిందని ఇతనికి యాభై ఏళ్లలో మొదటిసారి తెలుస్తుంది. కళ్లు పెద్దవి చేసి, ‘జీలకర్ర మాడింది గదనే’ అంటాడు. ఇల్లాలు సంబరపడి, మనిషి కోలుకుంటున్నాడని అందరికీ ఫోన్లు చేసి చెబుతుంది. ఆ మాట మూడు పూటలా వినాల్సి వస్తుందని అప్పటికి ఆమెకు తెలియదు.

ఇందులో వింతేమీ లేదు. ముద్దను ఇరవై, ముప్పై సార్లు నమలమని డాక్టర్లు చెబుతారు. నమిలేకొద్దీ వాసన నోటి వెనకనుంచి ముక్కుకు చేరుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ఆ వాసనే. ఇదివరకు ముద్ద గొంతు దిగేముందు నోట్లో ఆగిన పాపాన పోలేదు. తింటూ నీళ్లు తాగకూడదని, తిన్నాక అరగంట ఆగాలని ఇంకో నియమం. కారం మండితే గ్లాసెత్తి కడుక్కునే వీలు లేదు. ఎంత కారం వేశారో, ఏ మిరపకాయ వేశారో నాలుకే లెక్క చూసుకోవాలి.

ఏడాదిన్నర తిరిగేసరికి ఒంటి బరువులో పాతిక శాతం దాకా తగ్గుతుంది. అంతకంత రుచుల మీద పరిశోధన పెరుగుతుంది. దీని నిండు రూపం చూడాలంటే ఆర్మూర్ దగ్గరి అంకాపూర్ పోవాలి. ముందే ఫోన్ చేసి చెబితే అక్కడ ఊరకోడిని కోసి, కూర వండి, అన్నంతో సహా ఇస్తారు. ఒకప్పుడు ఒక కోడి ఇతనికి ఒక్కడికే సరిపోయేది. ఇప్పుడు రెండు ముక్కల కోసం కారు తీయించి, నలుగురిని వెంటేసుకుని వస్తాడు. వండేవాడితో సంభాషణ ఇలా సాగుతుంది:

‘ఫారం కోడి గాదు గదా?’

‘ఊరకోడే పటేలా.’

‘ఏం తిన్నది?’

‘మక్కలు.’

‘మక్కలా, ఎర్రజొన్నలా?’

‘దాన్ని అడగలే పటేలా.’

ముక్క నోట్లో పెట్టుకున్నాక కళ్లు మూస్తాడు. వెంటవచ్చినవాళ్లు చెయ్యి ఆపి కాసుకుంటారు. ఎముక దగ్గర మాంసం కట్టెపొయ్యి సెగకు ఉడికిందా, గ్యాస్ మీద ఉడికిందా తేల్చడానికి రెండు నిమిషాలు పడుతుంది. రెండో ముక్క సగంలో కడుపు నిండుతుంది. అక్కడితో ఆగకపోతే తిన్నది పైకి వస్తుంది కాబట్టి, రుచి ఎంత గొప్పదైనా తీర్పు అసంపూర్తిగానే మిగులుతుంది. ఇక కోడిలో అతను తినని భాగమంతా మిగతా నలుగురిదే. ఈ సంసారాల్లో పెద్దాయన సన్నబడే కొద్దీ బామ్మర్ది, డ్రైవరు లావెక్కడం మామూలు. ఖర్చు మాత్రం ఎక్కడా తగ్గదు.

బోధన్ వైపు బైపాస్ చేయించుకున్న రకం కూడా కనిపిస్తుంది. అందులో పైపొట్టను చిన్న సంచిలా మిగిల్చి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. తీపి ఒక్కసారిగా పేగులో పడితే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కళ్లు తిరిగే ప్రమాదముంది. దీన్నే డంపింగ్ అంటారు. చక్కెర ఊళ్లో పుట్టినవాడికి ఇంతకంటే అన్యాయం ఉండదు. అందుకని ఇతను గోరంత బెల్లాన్ని నాలుక మీద పెట్టుకుని, నల్లబెల్లమే అసలుదని, తెల్లగా మెరిసేదాంట్లో మందు కలిపారని ఎదుటివాడు లడ్డూ తినేంతసేపూ ఉపన్యసిస్తాడు. కాలువ కింద స్థిరపడ్డ కోస్తా రైతుల క్యాంపుల్లోని చుట్టాలు గోంగూర పచ్చడి పంపితే, దాంట్లో నూనె పల్లీదా, నువ్వులదా అని ఫోన్‌లో విచారణ ఉంటుంది. పచ్చడి తినేది చిటికెడు.

రెండు, మూడేళ్లకు కొందరికి పొట్ట కొంచెం సాగుతుంది. గట్టి తిండి అడ్డుపడినా ఐస్‌క్రీమ్, కోవా జారిపోతాయన్న రహస్యం బయటపడుతుంది. బరువు కొంత వెనక్కి వస్తుంది, రుచుల మీద ఉపన్యాసాలు తగ్గుతాయి. కాబట్టి ఇతని నోరు ఆగిందంటే ఇంట్లోవాళ్లు త్రాసు బయటికి తీయడం మంచిది.

బీ12, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం తప్పవు. ఏటా రక్తపరీక్షలకు హైదరాబాద్ పోవాలి. మాత్రలకు రుచి లేదని ఇతని ఫిర్యాదు. అక్కడి డైటీషియన్‌కు పెసరపప్పు ఏ మంట మీద ఉడకాలో, పోపులో జీలకర్ర ఎప్పుడు పడాలో వివరంగా చెప్పి వస్తాడు. ఆమె అడిగేది రోజుకు ప్రోటీన్ 60 గ్రాములు అందుతోందా అని. ఆ లెక్క ఒక్కటే ఇతని దగ్గర ఉండదు.