పొన్నూరులో జానెడు, బాపట్లలో బెత్తెడు

పొన్నూరుకీ బాపట్లకీ మధ్య ఒక సరిహద్దు ఉంది. 2022లో గుంటూరు జిల్లాని విడగొట్టి బాపట్లని వేరే జిల్లా చేసినప్పుడు వచ్చిన సరిహద్దు కాదు నేను చెప్పేది. దీనికి రాయి లేదు, బోర్డు లేదు, అక్కడ బస్సు కూడా ఆగదు. 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం రోడ్డు దాటేది అక్కడే. ఆ గీతకి ఉత్తరాన ఉన్నవాళ్లని కంప్యూటర్ జానతో కొలుస్తుంది, దక్షిణాన ఉన్నవాళ్లని బెత్తతో కొలుస్తుంది. ఈ పక్షపాతంలో రెవెన్యూ శాఖ చెయ్యి లేదు. 1985లో అమెరికాలో ఇంజనీర్లు ఖరారు చేసిన ఐ ట్రిపుల్ ఈ 754 అనే ప్రమాణం చేసిన పని ఇది. వాళ్లకి పొన్నూరు మీద కోపం ఉండే అవకాశం లేదు.

మ్యాపుల ప్రోగ్రాములు రాసుకు బతికేవాణ్ణి నేను. అంటే చుక్కల మీద బతుకుతున్నానన్నమాట. చుక్కంటే ఏముంది, ఒక ఎక్స్, ఒక వై. ఇద్దరే ఉన్న కాపురం. అయినా లైబ్రరీలు రాసినవాళ్లు దీనికి పెట్టినన్ని పేర్లు విష్ణుమూర్తికి కూడా లేవేమో. జావాలో పాయింట్ అని ఒకటుంది. దాని లోపల ఉన్నవి పూర్ణాంకాలే, కానీ గెట్‌ఎక్స్ అని మర్యాదగా అడిగితే డబుల్‌గా మారి జవాబిస్తుంది, పెళ్లిచూపుల్లో జీతం చెప్పినట్టు. దశాంశాలు నిజంగానే కావాలంటే పాయింట్‌2డి ఇంట్లో ఫ్లోట్, డబుల్ అని ఇద్దరు వేరుగా ఉన్నారు. డాట్‌నెట్‌లో పాయింట్‌ఎఫ్ ఉంది. ఆ ఎఫ్ ఫ్లోట్‌కి గుర్తు, లోపల ఉన్నదీ ఫ్లోటే, నిజాయితీపరుడు. నార్వేలో పుట్టిన క్యూటీ లైబ్రరీలో క్యూపాయింట్‌ఎఫ్ ఉంది. దానికీ ఎఫ్ తగిలించారు కానీ మూత తీసి చూస్తే మామూలుగా డబుల్ కనిపిస్తుంది. ఇంటిపేరు గబ్బిలాలవారు, ఇంట్లో కస్తూరి! ఆపిల్ వారి సీజీపాయింట్ మరీ లౌక్యుడు. 32 బిట్ల యంత్రంలో ఫ్లోట్‌గా, 64 బిట్ల యంత్రంలో డబుల్‌గా ఉంటాడు.

ఫ్లోటయితే ఏంటి, డబులయితే ఏంటి అని మీరడగొచ్చు. మా మావయ్య కూడా అడిగాడు, ఆయనకి కారణం ఉంది.

మావయ్య పొలం పొన్నూరు దగ్గర. పక్క చేను ఆయనతో గట్టు తగాదా, నా పుట్టుకకి ముందు నుంచీ నడుస్తోంది. ఈసారి ఇద్దరూ కలిసి ప్రైవేటు సర్వేయర్ని పిలిచారు. ఖర్చు చెరిసగం. కలిసి చేసిన పని అదొక్కటే. ఆయన కర్రకి తగిలించిన రోవర్ పట్టుకొచ్చాడు. మన ఫోన్లో జీపీఎస్ అయితే ఖాళీ ఆకాశం కింద కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. రోవర్ అలా కాదు, సెంటీమీటర్లలో చెబుతుంది. అంత నిక్కచ్చిగా కొలిచి, ఆ అంకెల్ని లాప్‌టాప్‌లో ఏదో ప్రోగ్రాముకి అప్పజెప్పాడు. ఆ ప్రోగ్రాము చుక్కల్ని ఫ్లోట్‌లో దాస్తుంది.

హద్దు రాయి రేఖాంశం 80.5512345 అని ఎక్కిస్తే, అది 80.5512314 అని రాసుకుంది. తేడా ఏడో ఎనిమిదో అంకె దగ్గరలెమ్మని అమెరికాలో వదిలేస్తారేమో. ఇక్కడ వదలరు. నేల మీద అది 33 సెంటీమీటర్లు.

"ఎటు జరిగిందిరా?" అన్నాడు మావయ్య. ఎందుకు జరిగిందని అడగలేదు. రైతుకి అసలు ప్రశ్న ఎటు అన్నదే.

"పడమటికి."

పడమటి చేను మావయ్యది. ఆ తర్వాత అరగంట నేనేం చెప్పినా ఆయన చెవికెక్కలేదు, పక్క చేను ఆయన మాత్రం శ్రద్ధగా విన్నాడు.

నేను చెప్పింది ఇది. ఫ్లోట్‌కి ఉన్నవి 32 బిట్లు. గుర్తుకి ఒకటి, ఘాతానికి 8 పోగా అసలు అంకెకి మిగిలేవి 23, రాయకుండా లెక్కేసుకునే ఇంకొకటి కలిపితే 24. ఆ 24 బిట్లతోనే సున్నా పక్కనున్న అంకెనీ రాయాలి, కోట్లలో ఉన్న అంకెనీ రాయాలి. అందుకని సున్నా దగ్గర చుక్కలు కిక్కిరిసి ఉంటాయి, దూరం పోయేకొద్దీ ఎడమవుతాయి. 16, 32, 64, 128 ఇలా ఒక్కో గడప దాటినప్పుడల్లా మధ్య ఖాళీ రెట్టింపవుతుంది. మన అంకె రెండు చుక్కల మధ్య పడితే దగ్గరున్న దాని మీదకి జరిగి కూర్చోవలసిందే.

అక్షాంశం 16 దాటిన పొన్నూరులో ఉత్తర దక్షిణాలుగా చుక్కకీ చుక్కకీ ఎడం 21 సెంటీమీటర్లు. జానెడు. 16కి దిగువనున్న బాపట్లలో అందులో సగం, బెత్తెడు. తూర్పు పడమరల సంగతి ఇంకా అన్యాయం. మన దేశం మొత్తం 68, 97 డిగ్రీల రేఖాంశాల మధ్య, అంటే 64కీ 128కీ నడుమ ఉంది కాబట్టి కులమత ప్రాంత భేదాలు లేకుండా అందరికీ ఒకే మొరటు కొలత. పొన్నూరు దగ్గర అది 82 సెంటీమీటర్లు, రెండు మూరలకి కాస్త తక్కువ. అంటే ఒక రాయి అటో ఇటో 41 సెంటీమీటర్ల దాకా జరగొచ్చు. వంద మీటర్ల గట్టు అంత జరిగితే పోయేది దాదాపు ఒక సెంటు. సెంటు భూమి కోసం మా వైపు మూడు తరాలు మాట్లాడుకోవడం మానేస్తాయి.

దుబాయ్ వెళ్లిన మనవాళ్లకి రేఖాంశం 55 కాబట్టి ఈ ఎడం సగానికి సగం తగ్గుతుంది. 178 దగ్గరున్న ఫిజీలో రెట్టింపవుతుంది. ఇక గ్రీనిచ్ గీతకి 70 మీటర్ల దూరంలో కాపురమున్న దొరగారికి తూర్పు పడమరల ఎడం 8 మైక్రాన్లు, తలవెంట్రుక మందం కూడా ఉండదు. కానీ ఆయన అక్షాంశం 51 కదా, ఉత్తర దక్షిణాలుగా 42 సెంటీమీటర్లు, పొన్నూరుకి రెట్టింపు. ఈ మాటకి మావయ్య మొదటిసారి నవ్వాడు.

రెండు వైపులా రాజభోగం దక్కేది ఎక్స్, వై రెండూ సున్నా అయిన చోటే. అది ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖలో ఉంది. చుట్టూ నీళ్లు. విలువ ఇవ్వకుండా క్యూపాయింట్‌ఎఫ్‌ని తయారుచేస్తే అది వెళ్లి కూర్చునేదీ అక్కడే.

ఫ్లోట్‌కి రెట్టింపు బిట్లున్న డబుల్ వాడి ఉంటే ఈ గొడవ లేదు. పొన్నూరులో కూడా ఎడం మీటర్లో వంద కోట్లవ వంతుకి కాస్త పైన, అంతే. దాంతో గట్టు తగాదా పెట్టుకోవాలంటే సూక్ష్మదర్శిని కావాలి. డబుల్ మాత్రం సత్యహరిశ్చంద్రుడా అంటే, కాదు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అంటుంది. 754 రాకముందు ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో రకంగా లెక్క కట్టేది. ఆ ప్రమాణానికి పెద్దదిక్కయిన బర్కిలీ ప్రొఫెసర్ విలియమ్ కహాన్‌కి 1989లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఆయన పుణ్యమా అని ఇప్పుడు ఈ తప్పు హైదరాబాద్‌లోనూ శాన్‌హోజేలోనూ చివరి అంకె దాకా ఒకేలా వస్తుంది.

ఇలాంటి తోక అంకెల బాధ పడలేకనే క్యూటీ వాళ్లు రెండు చుక్కలు సమానమా అని అడిగితే "ఇంచుమించు సమానమైతే సమానమే" అని తీర్పిస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ ఈ లెక్కన మొదటి చుక్క రెండోదానికి సమానం, రెండోది మూడోదానికి సమానం, మొదటిది మూడోదానికి కాకుండా పోవచ్చు. ఏటా గట్టుని ఓ పారెడు చెక్కేవాడు బతికేది ఈ సూత్రం మీదే. నిరుటి గట్టూ ఈ ఏటి గట్టూ ఒకటేగా అంటాడు, ఇరవయ్యేళ్లు అలాగే అంటాడు.

మావయ్య అప్పటికి చల్లబడ్డాడు. "సున్నా దగ్గరుంటే కొలత సన్నగా ఉంటుందంటావు. మరి దాన్ని ఆ సముద్రంలో ఎవడికోసం పెట్టారు? మనూళ్లో పెట్టుకోరాదా?"

వీడియో గేములు రాసేవాళ్లు చేసేది సరిగ్గా ఇదే. సున్నాని ఆటగాడి పక్కకి తెచ్చుకుంటారు. ఊళ్లో సున్నా పెట్టి మీటర్లలో కొలిస్తే, రెండు వేల మీటర్లలోపు ఫ్లోట్ కూడా మిల్లీమీటరులో ఎనిమిదో వంతు దాకా పట్టుకుంటుంది. ఆ మాటే చెప్పాను.

"అయితే మా హద్దు రాయి మీద పెట్టు."

"మీ రాయి మీద ఎందుకండీ? మా మోటారు షెడ్డు మూల మీద పెట్టమనండి," అన్నాడు పక్క చేను ఆయన. సున్నా దగ్గర సన్నంగా ఉంటుందన్న ముక్క ఇద్దరికీ బాగానే ఎక్కింది.

ఊరి మధ్యలో రామాలయం ధ్వజస్తంభం మీద పెడదామన్నాను, ఎవరికీ అన్యాయం ఉండదని. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ స్థలం ఎవరిదన్నది ఇంకా కోర్టులో ఉందట.